ఆటోమేటిక్ కారులో గేరు లేటుగా పడుతోందా? గేర్‌బాక్స్ విప్పించే ముందు ఇవి చూడండి

"గేరు లేటుగా పడుతోంది, బాక్స్ పోయినట్టేనా?" అని ఫోన్ వస్తే నేను అడిగేది ఒకటే: ఎప్పుడు? పొద్దున్న స్టార్ట్ చేయగానేనా, గంట తిరిగాకా? పార్క్ నుంచి డ్రైవ్‌లోకి వేసినప్పుడా, రోడ్డు మీద రెండు నుంచి మూడుకి మారేటప్పుడా? సగం రోగం ఆ జవాబులోనే దొరుకుతుంది. విశాఖ కంచరపాలెంలో షెడ్డు పెట్టి పదిహేడేళ్లయింది. అంతకుముందు గాజువాక ఆటోనగర్‌లో గురువుగారి దగ్గర ఆరేళ్లు. ఆయన స్పానర్ ముట్టుకునే ముందు బండి తెచ్చినాయనకి టీ తెప్పించేవారు. మర్యాద కోసం అనుకునేవాణ్ణి. గ్లాసు ఖాళీ అయ్యేలోపు బండి జాతకమంతా చెప్పించేసేవారు.

ముందు మీది ఏ ఆటోమేటిక్కో తెలుసుకోండి. క్లచ్ పెడల్ లేని ప్రతి బండీ ఒకటి కాదు. ఏఎంటీ అంటే లోపల మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ నొక్కడం, గేరు మార్చడం మోటారో హైడ్రాలిక్కో చేస్తుంది. మన దేశంలో 2014లో మారుతి సెలెరియోతో బాగా జనంలోకి వచ్చింది. దానికి మారేటప్పుడు చిన్న తూగు పుట్టుకతోనే ఉంటుంది. ఆ క్షణంలో యాక్సిలరేటర్ మీద కాలు కొంచెం తేలిక చేస్తే సాఫీగా పడుతుంది. సీవీటీలో అసలు గేర్లే లేవు, బెల్టు పుల్లీల మీద పైకీ కిందికీ కదులుతూ నిష్పత్తి మారుస్తుంది. ఇంజన్ ముందు అరిచి, వేగం తర్వాత వస్తే అది దాని స్వభావం. డీసీటీకి రెండు క్లచ్‌లు. ఎన్ఏడీ జంక్షన్ ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం పాకిస్తే వేడెక్కి మొరాయిస్తుంది. ఇక నేను చెప్పబోయేది ఎక్కువగా టార్క్ కన్వర్టర్ (ఇంజన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించేది) ఉన్న అసలు ఆటోమేటిక్ గురించి.

ఇంట్లో చేసుకోగలిగిన మొదటి పరీక్షకి పైసా ఖర్చు లేదు. బండి చదునైన చోట, ముందు ఎవరూ లేకుండా పెట్టండి. హ్యాండ్‌బ్రేక్ వేసి, ఫుట్‌బ్రేక్ గట్టిగా తొక్కి, ఇంజన్ ఐడిల్‌లో ఉండగా న్యూట్రల్ నుంచి డ్రైవ్‌కి వేయండి. చిన్న తోపు తగిలేదాకా లెక్కపెట్టండి. మళ్లీ న్యూట్రల్‌కి తెచ్చి నిమిషం ఆగి, రివర్స్‌కి. సాధారణంగా డ్రైవ్ ఒక సెకను అటూ ఇటూగా, రివర్స్ ఒకటిన్నర లోపు పట్టుకోవాలి. రెండూ ఆలస్యమైతే అనుమానం ఆయిల్ మీద, ఒత్తిడి మీద. డ్రైవ్ ఒక్కటే ఆలస్యమైతే గేర్‌బాక్స్ లోపల ముందుకి నడిపే క్లచ్ మీద. రివర్స్ ఒక్కటే అయితే ఆ వైపు క్లచ్ మీద. రాత్రంతా ఆగిన బండిలోనూ, వేడెక్కాకా రెండుసార్లూ చేసి రాసుకోండి. చల్లగా ఉన్నప్పుడే ఆలస్యమైతే సీళ్లు గట్టిపడి ఉండొచ్చు. వేడెక్కాక ముదిరితే ఆయిల్ పలచబడి లోపల ఎక్కడో ఒత్తిడి కారిపోతోందన్నమాట.

ఆ తర్వాత ఆయిల్. డిప్‌స్టిక్ ఉంటే చాలా బళ్లకి వేడి మీద, ఇంజన్ నడుస్తుండగానే చూడాలి. మీ బండి మాన్యువల్ ఏం చెబుతుందో అదే ఖాయం. కొత్త బళ్లు చాలావాటికి డిప్‌స్టిక్కే లేదు, కింద ప్లగ్ విప్పి ఫలానా ఉష్ణోగ్రతలో చూడాలి, అది షెడ్డు పని. తెల్ల కాగితం మీద ఒక చుక్క వేయండి. మామూలు ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్, ఎర్రగా, పారదర్శకంగా ఉంటుంది. గోధుమరంగుకి తిరిగితే పాతబడింది. నల్లగా ఉండి మాడిన వాసన వస్తే క్లచ్ ప్లేట్లు కాలాయి. గులాబీ పాలలా ఉంటే రేడియేటర్‌లోని కూలర్ నుంచి నీళ్లు కలిశాయి. ఇక ఆ బండి నడపకండి.

పోసే ఆయిల్ విషయంలో తెలివి చూపించొద్దు. కొత్తలో నేనే ఒక సీవీటీలో మామూలు ఏటీఎఫ్ పోశాను. వారం తిరక్కుండా బెల్టు జారడం మొదలైంది. ఆ బిల్లు నా జేబులోంచే పోయింది. డబ్బా మీద మీ బండి కంపెనీ చెప్పిన గ్రేడ్ అక్షరం అక్షరం ఉండాలి.

ఇప్పుడు రోడ్డు మీదికి. పొద్దున్న రుషికొండ దాటాక భీమిలి వైపు బీచ్ రోడ్డు బాగుంటుంది. కాలు సమంగా ఉంచి మెల్లగా వేగం పెంచండి, పక్కనున్నవాళ్లని ఆర్‌పీఎం ముల్లు చూడమనండి. గేరు మారేటప్పుడు ముల్లు కిందికి దిగాలి. దిగకుండా ముందు పైకి ఎగిరి, ఆ తర్వాత పడితే క్లచ్ జారుతోంది. ఎగరకుండా, పై గేరుకే చాలా ఆలస్యంగా వెళ్తుంటే గేర్‌బాక్స్ మంచిదే కావచ్చు. థ్రాటిల్ సెన్సర్, స్పీడ్ సెన్సర్, లేదా స్పోర్ట్ మోడ్ బటన్ నొక్కి మరిచిపోవడం. నవ్వకండి, ఆ బటన్ కోసం ఇద్దరు అనకాపల్లి నుంచి వచ్చారు. సింహాచలం ఘాట్ రోడ్డు ఎక్కుతూ కింది గేరులో ఆగిపోవడం మాత్రం జబ్బు కాదు, బరువు చూసి బండే అలా చేస్తుంది.

బండి ఒకే గేరులో ఇరుక్కుని, మీటర్‌లో లైటు వెలిగితే లింప్ మోడ్, అంటే ఏదో తేడా చూసి బండి తనని తాను కాపాడుకుంటోంది. బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెట్టాల్సిందే. పీ0700 ఒక్కటే కనిపిస్తే సంబరపడకండి, "గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో ఏదో రాసి ఉంది, చూడు" అని మాత్రమే దానర్థం. పీ0715 అయితే ఇన్‌పుట్ స్పీడ్ సెన్సర్, పీ0720 అయితే అవుట్‌పుట్, పీ0750 అయితే షిఫ్ట్ సోలనాయిడ్ (గేరు మార్చే కరెంటు వాల్వు) వైపు చూపిస్తుంది. ఆన్‌లైన్‌లో దొరికే చవక బ్లూటూత్ స్కానర్ ముక్క చాలాసార్లు ఇంజన్ కోడ్‌లతోనే సరిపెడుతుంది. కోడ్ వచ్చిందని వెంటనే సెన్సర్ కొనకండి. మన సముద్రపు గాలికి కనెక్టర్ల పిన్నులకి పచ్చగా కిలుం పడుతుంది. ముందు బ్యాటరీ ఓల్టేజీ, ఎర్త్ వైరు, కనెక్టర్లు.

లాసన్స్ బే కాలనీ నుంచి పోర్టులో రిటైరైన మాస్టారొకాయన వచ్చారు. వేరే చోట గేర్‌బాక్స్ మార్చాలని లక్షన్నర చెప్పారట. "ఏటి బాబూ, కారు అమ్మేయమంటావా?" అన్నారు. లెక్కపెడితే డ్రైవ్, రివర్స్ రెండూ నాలుగేసి సెకన్లు. రెండూ ఒకేలా ఆలస్యం కాబట్టి కిందికి దూరాను. రేడియేటర్ పక్క కూలర్ పైపు క్లిప్పు తుప్పుపట్టి తడిగా ఉంది. లీటరుకి పైగా తగ్గింది. పైపు, క్లిప్పు మార్చి ఆయిల్ పోసి, మర్నాడు పొద్దున్న ఆయన ముందే లెక్కపెట్టాం. ఒకటి అనేలోపు పట్టుకుంది.

ఆయిల్ మార్పించేటప్పుడు గేర్‌బాక్స్ అడుగునుండే పాన్ విప్పితే అందులోని అయస్కాంతం చూపించమనండి. బూడిదరంగు మెత్తని ముద్ద మామూలే. మెరిసే లోహపు రేకులుంటే మాత్రం పెద్ద పనే. ప్లగ్ విప్పి దించితే పాత ఆయిల్ అంతా రాదు, కన్వర్టర్‌లో చాలా మిగిలిపోతుంది. అందుకే కొంత తిరిగాక రెండోసారి దించుతాం. బండి అసలు కదలకపోతే తాడు కట్టి చక్రాల మీద లాగించకండి, ఇంజన్ ఆగితే లోపల ఆయిల్ పంపు తిరగదు. బండిని పైకెక్కించుకునే ఫ్లాట్‌బెడ్ లారీ కావాలని ఫోన్‌లోనే అడగండి.