పాత వెండి రూపాయి కండీషన్ ఎట్ల చూడాలె

వరంగల్ చౌరస్తా దిక్కు ఎవరన్న బ్రిటిష్ కాలం రూపాయి చూపిస్తే ముందు తళతళ చూసి మోసపోకుండ్రి, చింతపండు పెట్టి తోమిన బిళ్లకు కలెక్టర్ల దగ్గర రేటు రాదు, నల్లగున్నదే నయం. ఐదో జార్జ్ రూపాయి అయితే లైట్ కింద జర వంచి పట్టుకొని కిరీటం, కనుబొమ్మ, మీసం చూడాలె, ముందు అరిగేటివి గివే, ఆయన అంగీ మీది చిన్న ఏనుగు తొండంతో సహా క్లియర్‌గ కనవడ్తే మంచి పీసే అన్నట్టు (1911 దాంట్ల ఆ ఏనుగు పంది లెక్క ఉన్నదని పెద్ద లొల్లయి 1912ల డిజైనే మార్చిండ్రు). ఇగ అంచు. మనోళ్లు వీటిని మెడల ఏస్కునేటోళ్లు గద, కొండి అతికిన టంకం మచ్చ ఉంటే నేనైతే తీస్కోను. బరువు 11.66 గ్రాములు, అరిగితే కొంచెం తగ్గుతది, మాగ్నెట్‌కు అంటుకుంటే మాత్రం పక్కా డూప్లికేటే.