ఫంక్షన్‌ను పబ్లిక్ చేసే ముందు చూసుకోవాల్సినవి

రుషికొండలో మా టీమ్ ఒక చిన్న ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ రాస్తోంది. అందులో ఏ ఫంక్షన్‌ను (ఒక పని చేసిపెట్టే కోడ్ ముక్కను) పబ్లిక్ చేయాలో, అంటే బయటివాళ్లు వాడుకునేలా తెరవాలో తేల్చడానికి రిలీజ్‌కు ముందు మేం చూసుకునేవి ఇవి.

– మొదట అన్నీ ప్రైవేట్‌గానే ఉంచండి. తర్వాత ఎప్పుడైనా బయటపెట్టొచ్చు, కానీ జనం వాడటం మొదలుపెట్టాక వెనక్కి తీసుకోవడం నరకం. సీ లాంగ్వేజ్‌లో ఇన్‌పుట్ చదివే గెట్స్ ఫంక్షన్ సంగతే చూడండి, ఎంత పొడుగు ఇన్‌పుట్ వచ్చినా ఆపదు, 1988లో మోరిస్ వార్మ్ (కంప్యూటర్ల మధ్య తనంతట తానే పాకిన ప్రోగ్రామ్) వ్యాపించడానికి అదీ ఒక దారి అయింది, అయినా 1989 స్టాండర్డ్‌లో చేరింది, 2011లో గానీ పోలేదు.

– వాడేవాళ్లే రెండు లైన్లలో రాసుకోగలిగితే, ఆ ఫంక్షన్‌ను బయటపెట్టకుండా వదిలేయండి.

– పేరు. మధురవాడలో చదివే ఇంజినీరింగ్ కుర్రాడికి పేరొక్కటే చెప్పి, ఇదేం చేస్తుందో అడగండి. తడబడితే పేరు మార్చండి, ఇప్పుడే.

– గో లాంగ్వేజ్‌లో పేరు పెద్ద అక్షరంతో మొదలైతే చాలు, బయటి ప్యాకేజీలకు కనిపిస్తుంది, కాబట్టి రివ్యూలో ఆ అక్షరం మీద కన్నేయండి. పైథాన్‌లో పేరు ముందు పెట్టే అండర్‌స్కోర్ ‘ఇది లోపలిది, ముట్టుకోకండి’ అనే మాట మాత్రమే, ఎవరినీ ఆపదు.

– టెస్టుల కోసమని దేన్నీ పబ్లిక్ చేయొద్దు, దయచేసి.

– డౌట్ ఉంటే రస్ట్ లాంగ్వేజ్ వాళ్లలా చేయండి: ఇంకా ఖరారు కాని ఫీచర్లు నైట్లీ కంపైలర్‌లోనే (రోజూ రాత్రి తయారయ్యే ప్రయోగాత్మక వెర్షన్‌లోనే) నడుస్తాయి, అదీ వాడేవాళ్లు కోరి ఆన్ చేసుకుంటేనే.