ఏజెన్సీకి సేవకు వెళ్తున్న విద్యార్థులకు: జ్వరం దాచొద్దు

గత నెలలో మా బైబిల్ కాలేజీ రెండో సంవత్సరం కుర్రాణ్ణి పాడేరు పైనున్న ఒక ఊరి నుంచి డోలీలో కిందికి దించారు. మలేరియా మెదడుకి ఎక్కింది. మూడు రోజులు స్పృహ లేదు. దేవుని దయవల్ల బతికాడు. పదేళ్ల కిందట అలాగే వచ్చిన మరొకడు బతకలేదు. సమాధి దగ్గర వాళ్లమ్మ నా చేతులు పట్టుకుని "జ్వరమని ఒక్క మాట చెప్పలేదయ్యా" అని ఏడ్చింది.

గొడుగు, టార్చి, రెయిన్‌కోటు సంగతి మీకు తెలుసు. నేను చెప్పేది జ్వరం దాచే అలవాటు గురించి.

ఎందుకు దాస్తారో నాకు తెలుసు. విశ్వాసం చాలదంటారని, వెనక్కి పంపేస్తారని భయం. గత నెల డోలీలో దించిన ఆ కుర్రాడు ఆరాధనలో వెనక గోడకి ఆనుకుని, రెండు దుప్పట్లు కప్పుకుని కూర్చున్నాడట. చేతిలో పాటల పుస్తకం గడగడ వణుకుతోంది. "ఏరా, ఒంట్లో బాగాలేదా?" అని టీమ్ లీడర్ అడిగితే "నీళ్లు పడలేదన్నా, అంతే" అన్నాడు. అందరూ ప్రార్థన చేశారు. రాత్రికి చెమటలు పట్టి జ్వరం దిగింది. స్వస్థత అని సాక్ష్యం కూడా చెప్పించారు. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ వణుకు మొదలైంది. ఆ సాయంత్రానికి మాట తడబడింది.

ఇక్కడే మోసపోతాం. మలేరియా జ్వరం వణికిస్తుంది, కాలుస్తుంది, చెమట పట్టించి వదిలేస్తుంది, మళ్లీ వస్తుంది. మధ్యలో దిగిందంటే తగ్గిందని కాదు. ఫాల్సిపారం రకమైతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది. ప్రార్థన చేయండి, నేనూ చేస్తాను. కానీ ఆశా కార్యకర్త ఇంటికి నడుస్తూ చేయండి. వేలిమీద సూది గుచ్చి ఒక చుక్క రక్తం తీస్తే ఇరవై నిమిషాల్లో తెలిసిపోతుంది, డబ్బులూ అడగరు.

మిషనరీ చరిత్ర క్లాసులో 1826లో బర్మాలో జ్వరంతో కన్నుమూసిన ఆన్ జడ్సన్ గురించి విని మీరు కళ్లు తుడుచుకోవడం చూశాను. ఆమెకి 36 ఏళ్లు. ఆమె కాలంలో ఈ పరీక్ష లేదు. మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ దోమ కడుపులో చూసింది 1897లో, మన సికింద్రాబాద్‌లోనే. మీకు పరీక్షా ఉంది, మందూ ఉంది. పౌలంతటివాడే జబ్బుపడిన తన సహచరుడు త్రోఫిమును మిలేతు ఊళ్లో ఆపి తాను ముందుకు వెళ్లాడు. ఆగిపోతే సేవ ఆగినట్టు కాదు.

వెళ్లేముందు: మందు పట్టించిన దోమతెర మనిషికొకటి. దగ్గరి పీహెచ్‌సీ ఎక్కడో, ఫోన్ సిగ్నల్ ఎక్కడ అందుతుందో ఊరి పాస్టర్‌గారిని అడిగి రాసుకోండి.

అక్కడ: మలేరియా దోమ కుట్టేది చీకటి పడ్డాక. ఆల్‌నైట్ ప్రేయర్‌కి నిండు చేతుల చొక్కా వేసుకోండి. ప్రార్థన మందిరంలో దోమల మందు కొట్టడానికి వస్తే వద్దనకండి, కొట్టిన గోడకి సున్నం వేయకండి.

ఇంకా:

- జ్వరంతో ఉపవాసం వద్దు. ఒంట్లో చక్కెర పడిపోతుంది, ఖాళీ కడుపున మాత్ర వాంతవుతుంది.
- పారాసెటమాల్ వేసుకుని జ్వరం తగ్గిందని చెప్పొద్దు. దానికి క్రిమి చావదు.
- మాత్రలు మధ్యలో ఆపొద్దు. వైవాక్స్ రకం మలేరియాకి ప్రైమాక్విన్ మాత్రలు 14 రోజులంటే 14 రోజులే. కాలేయంలో దాక్కున్నది నెలల తర్వాత తిరగబెడుతుంది.
- మిగిలిన మాత్రలు ఇంకొకరికి ఇవ్వొద్దు.
- గెడ్డ (కొండవాగు) పొంగితే దాటొద్దు. కూటం మానుకోండి.
- పొంగిన గెడ్డలో బాప్తిస్మం ఇవ్వొద్దు.
- మాట తడబడినా, మూత్రం నల్లబడినా, వాంతులు ఆగకపోయినా తెల్లారేదాకా చూడొద్దు. 108కి చెప్పండి, రోడ్డు లేకపోతే డోలీ కట్టండి.
- దోమ కుట్టిన వారం, రెండు వారాలకి గానీ జ్వరం రాదు. అప్పటికి మీరు హాస్టల్లో ఉంటారు. డాక్టర్‌తో మొదటి మాటే "ఏజెన్సీకి వెళ్లొచ్చాను" అని చెప్పండి.
- జ్వరం దాచొద్దు. తగ్గినా చెప్పండి.
- టీమ్ లీడర్లూ, రోజూ పొద్దున ప్రార్థనకి ముందు ఒక్కొక్కరి నుదురు ముట్టుకుని చూడండి. ఊరికే అడిగితే "బాగానే ఉందన్నా" అనేస్తారు.