అమెరికా నుంచి సంక్రాంతికి ఊరెళ్లే ముందు జాగ్రత్తలు

పండుగకు టికెట్లు కొనే రోజులివి. హెచ్‌-1బి (ఉద్యోగ వీసా) మీద ఉన్నవారు డబ్బు కట్టే ముందే ఇవి చూసుకోండి.

పాస్‌పోర్టులోని వీసా ముద్ర గడువు: ఐ-797 (హెచ్‌-1బి మంజూరైందని తెలిపే పత్రం) చేతిలో ఉంటే ఉద్యోగం చేయవచ్చు గానీ, ఒక్క ఆ కాగితంతో తిరుగు విమానం ఎక్కనివ్వరు. ముద్ర గడువు తీరిపోయి ఉంటే, కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ తేదీ దొరికాకే టికెట్ కొనండి. ఆ తేదీనీ పూర్తిగా నమ్మవద్దు. 2025 డిసెంబరులో సామాజిక మాధ్యమాల తనిఖీ మొదలైనప్పుడు చాలామంది ఇంటర్వ్యూలు నెలల తరబడి వెనక్కి జరిగాయి, సెలవుకు వచ్చినవారు ఊళ్లోనే చిక్కుకుపోయారు. ఇంటి అద్దె, కారు వాయిదా, పిల్లల బడి మన కోసం ఆగవు. ఇంట్లో పెళ్లో, పెద్దవాళ్ల అనారోగ్యమో ఉంటే తప్ప ముద్ర లేకుండా బయలుదేరవద్దనే నా మాట.

ఎఫ్‌-1 (విద్యార్థి వీసా) నుంచి హెచ్‌-1బికి మార్పు: దరఖాస్తు తేలకముందే దేశం దాటితే ఆ మార్పును వదులుకున్నట్టే లెక్క.

పాస్‌పోర్టు: గడువు దగ్గరపడితే ముందే కొత్తది తీసుకోండి. లేకపోతే తిరిగి వచ్చినప్పుడు ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండవచ్చో చెప్పే నమోదు) కూడా ఆ గడువు వరకే ఇచ్చే అవకాశం ఉంది.

పిల్లలకు టైఫాయిడ్ టీకా: ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు వేయించాలి, పనిచేయడానికి ఆ వ్యవధి కావాలి.

తిరుగు పెట్టె: అమ్మ ఎంత ప్రేమగా సర్దినా ఒకసారి తెరిచి చూడండి. పచ్చి కరివేపాకు, కోడి పచ్చడి రానివ్వరు. కరివేపాకు రెమ్మలతో నిమ్మజాతి చెట్లను చంపే తెగులు మోసే పురుగు వస్తుందని అమెరికా అధికారుల భయం. చెప్పకుండా తెస్తే జరిమానా పడుతుంది. ఆవకాయ తెచ్చుకోవచ్చు, చేతిసంచిలో మాత్రం పెట్టకండి.