పాత మియాటా లోపల వాసన: సమస్య – పరిష్కారం

మాజ్డా 1989లో విడుదల చేసిన, మడిచే గుడ్డ టాప్ ఉన్న రెండు సీట్ల కారు తొలి తరం ఎమ్‌ఎక్స్-5ను అమెరికాలో మియాటా అంటారు. ఆ కారు లోపల ఏదో వాసన వస్తోందని చెప్పేవారిని నేను మొదట అడిగేది ఒక్కటే: సీట్ల వెనుక కార్పెట్ ఎత్తి, దాని అడుగున చేయి పెట్టి చూశారా? రెండు నిమిషాల పని అది. దాన్ని వదిలేసి సువాసన సీసాలు కొంటారు, ఏసీ పెట్టె కడిగిస్తారు, డబ్బు ఖర్చయ్యాక మళ్లీ అదే ప్రశ్న దగ్గరికి వస్తారు.

తడి ఏమీ తగలకపోతే వాసన రకాన్ని బట్టి వెతకాలి. హీటర్ వేయగానే తియ్యని వాసన వచ్చి, ముందు అద్దం లోపలివైపు జిడ్డు పొర కడుతుంటే కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) కారుతున్నట్టే. ఇంజిన్ వెనుక ఉన్న హీటర్ గొట్టాలు, వాటి క్లాంపులు బాగానే ఉంటే హీటర్ కోర్‌ను (కారు లోపలి గాలిని వేడిచేసే చిన్న రేడియేటర్‌ను) మార్చక తప్పదు. మాడిన నూనె వాసనకు ఎక్కువసార్లు కారణం ఇంజిన్ హెడ్ (ఇంజిన్ పై భాగం) వెనుక ఉండే కామ్ యాంగిల్ సెన్సర్ అనే పరికరం చుట్టూ నూనె కారకుండా ఆపే రబ్బరు వలయం (ఓ-రింగ్) గట్టిపడటమే. సెన్సర్ ఊడదీసే ముందు అది ఏ కోణంలో ఉందో గీత పెట్టుకోండి, లేకపోతే ఇగ్నిషన్ టైమింగ్ (ఇంజిన్‌లో నిప్పురవ్వ పడే సమయం) మారిపోతుంది. ట్యాంకు నింపినప్పుడే పెట్రోలు వాసన వస్తే పెట్రోలు పోసే గొట్టాన్ని, గాలి పోయే గొట్టాలను చూడండి. కారణం దొరికేదాకా బండి నడపవద్దు.

కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తే, పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను తప్పుపట్టే ముందు డిక్కీలో కుడివైపు ఉన్న బ్యాటరీని చూడండి. దాని ఆవిరి బయటికి పోవడానికి గొట్టాలు ఉండాలి. ఎవరో మామూలు బ్యాటరీ పెట్టి వాటిని వదిలేసి ఉంటారు, లేదా ఛార్జింగ్ 15 వోల్టులు దాటి బ్యాటరీ ఉడుకుతూ ఉంటుంది.

ఇక కార్పెట్ అడుగున తడి తగిలిందనుకుందాం. ముక్కిన వాసన ఎండకు తగ్గి, వాన పడిన రెండు మూడు రోజులకు మళ్లీ వస్తుంది. ఇక్కడే నేను బాగా దెబ్బతిన్నాను. 1991 నాటి ఒక కారుకు పాత గుడ్డ టాప్ కారుతోందని నిర్ణయించి కొత్తది వేశాను. మొదటి వానకే వాసన తిరిగి వచ్చింది. టాప్ మీద పడిన నీరు దాని వెనుక అంచున ఉన్న ప్లాస్టిక్ కాలువలోకి చేరి, సీటు బెల్టు స్తంభాల దగ్గర రెండు వైపులా ఉన్న డ్రెయిన్ గొట్టాల గుండా వెనుక చక్రాల ముందు నేలమీద పడాలి. ఆకులు, మట్టి పేరుకుని ఆ గొట్టం పూడుకుపోతే, టాప్ ఎంత కొత్తదైనా నీరు పొంగి లోపలికే వస్తుంది. పైకి కనిపించే కార్పెట్ ఆరిపోయి ఉంటుంది, దాని అడుగున అతికిన మెత్త మాత్రం నీటిని పట్టి ఉంచుతుంది. అందుకే కళ్లతో చూసినవారు మోసపోతారు. మరో కీడు ఇంకా పెద్దది: నిలిచిన నీటివల్ల తలుపు కింది సిల్లులు లోపలినుంచి తుప్పుపట్టి, వెనుక చక్రాల ముందు బొబ్బలు తేలేనాటికి లోహం చాలావరకు పోయి ఉంటుంది.

పరీక్ష సులభం. ఒక్కో వైపు డ్రెయిన్ నోట్లో అర లీటరు నీళ్లు నెమ్మదిగా పోసి, అదే వైపు కారు కింద ధారగా పడుతున్నాయో లేదో చూడండి. చుక్కలుగా పడినా పూడిక ఉన్నట్టే. గట్టి ఇనుప తీగతో పొడవకండి, గొట్టం చిరిగితే నీరు ఎప్పటికీ లోపలికే పోతుంది. గడ్డి కోసే యంత్రంలో వాడే మందపాటి నైలాన్ తీగను మెల్లగా తిప్పుతూ దింపి, కింది రంధ్రాన్ని వేలితో శుభ్రం చేసి, పై నుంచి మళ్లీ నీళ్లు పోయండి.

పూడిక పోయినంత మాత్రాన వాసన పోదు. సీటుకు నాలుగు చొప్పున బోల్టులు విప్పి సీట్లు తీసేయండి, కార్పెట్‌ను పూర్తిగా బయటికి తెచ్చి, మెత్త లోపలి పొర కూడా పొడిగా తగిలేదాకా ఎండలో ఆరనివ్వండి. ఒక్కరోజు చాలదు. ఈలోగా ఖాళీ నేలను తుడిచి, తుప్పు మచ్చలుంటే గీకి, రంగు వేసుకోవచ్చు. కార్పెట్ తిరిగి పరిచే ముందు రెండు డ్రెయిన్లలోనూ మరోసారి నీళ్లు పోసి, నేల పొడిగానే ఉందని చూసుకోండి.

ఎలుక చచ్చిపడి ఉండటం వంటివి ఎక్కడో ఒకటి రెండు కార్లలోనే జరుగుతాయి, అవి సీట్లు తీసినప్పుడే కనిపిస్తాయి.