కిట్ విమానాన్ని మళ్లీ గాలిలోకి తీసుకెళ్లే ముందు

విడిభాగాల కిట్ తెప్పించుకుని సొంతంగా విమానం కట్టుకున్నవారి పరిస్థితిలో ఒక చిక్కు ఉంది. కట్టేదీ, మరమ్మతులు చూసేదీ, నడిపేదీ ఒక్కరే. కర్మాగారంలో తయారైన విమానంలో ఒకరు చేసిన పొరపాటు ఇంకొకరి కంటపడే అవకాశం ఉంటుంది. మన షెడ్డులో ఆ రెండో మనిషి లేడు. అందువల్ల నెలల తరబడి కదలకుండా ఉన్న విమానాన్ని కొత్త సీజన్‌లో బయటకు తీసే ముందు చేయవలసిన మొదటి పని, విమానాలు కట్టిన అనుభవం ఉన్న మరొకరిని పిలిచి, మీరు నోరు మెదపకుండా, ఆయన్ను ముక్కు నుంచి తోక దాకా తనిఖీ చేయనివ్వడం. మీరు పక్కన నిలబడి వివరిస్తే ఆయన కూడా మీ కళ్లతోనే చూస్తారు.

ఇది అనుభవం మీద చెబుతున్న మాట. నా విమానంలో రడ్డర్ (ముక్కును పక్కకు తిప్పే తోక పలక) కేబుల్ చివరి నట్టుకు కాటర్ పిన్, అంటే నట్టు ఊడకుండా దూర్చి కాళ్లు వంచే రెండు కాళ్ల పిన్, దూర్చాను కానీ దాని కాళ్లు వంచలేదు. ఆ తర్వాత మూడు తనిఖీల్లో అదే చోట టార్చి వేసి చూశాను. పిన్ ఉంది కదా అని మనసు సరిపెట్టుకుంది. నాలుగోసారి చూసిన మిత్రుడు ఏమీ అనకుండా రెండు వేళ్లతో పిన్‌ను బయటకు లాగి నా అరచేతిలో పెట్టాడు.

నియంత్రణ వ్యవస్థలో తిరిగే ప్రతి కీలు దగ్గరా నట్టు జారకుండా కాటర్ పిన్ ఉండాలి. నైలాన్ లాక్ నట్టు ఒక్కదాన్నే అక్కడ నమ్మకూడదు. ఇంజన్ వైపు నైలాన్ నట్టు అసలు పనికిరాదు, ఎందుకంటే దాదాపు 120 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆ నైలాన్ పట్టు సడలుతుంది. సాధారణ 3/16 అంగుళాల విమాన బోల్టు కోరే బిగువు 20 నుంచి 25 అంగుళం-పౌన్లు మాత్రమే. మణికట్టు కాస్త తిప్పితే వచ్చేసే బిగువు అది, కాబట్టి చేతి అంచనాతో బిగించినవారు సాధారణంగా అతిగానే బిగించి ఉంటారు. బిగించాక నట్టు మీద నుంచి పక్కనున్న లోహం మీదకు రంగుతో ఒక గీత గీయండి. నట్టు కదిలితే ఆ గీత విరుగుతుంది, తనిఖీలో కంటికి వెంటనే తగులుతుంది.

ఇక ఇంధనం. ఇంజన్ ఆగిపోయిన ప్రమాదాల్లో చాలావాటి మూలం ఇంజన్‌లో ఉండదు, దానికి ఇంధనం చేరే దారిలో ఉంటుంది. సగం నిండిన ట్యాంకులో రాత్రి చలికి తేమ నీరై అడుగున చేరుతుంది. అందుకే ట్యాంకుల అడుగున, గాస్కొలేటర్ (ఇంధనంలోని నీటినీ మురికినీ పట్టే గిన్నె) దగ్గర గాజు సీసాలోకి కొంత వంచి వెలుగుకు ఎదురుగా పట్టి చూడాలి. సీసా నిండా నీరే వచ్చినా చూపుకు శుభ్రమైన ఇంధనంలాగే కనిపించవచ్చు కాబట్టి రంగూ వాసనా కూడా చూడండి. 100ఎల్ఎల్ విమాన పెట్రోలైతే నీలంగా ఉండాలి. కారు పెట్రోలు వాడేవారికి అదనపు బెడద ఇథనాల్. అది తేమను పీల్చుకుంటుంది, కొన్ని రకాల రబ్బరు గొట్టాలనూ ట్యాంకు సీలెంట్లనూ మెత్తబరుస్తుంది. గొట్టాలు పైకి బాగున్నా లోపలి పొర ఊడి ఇంధనానికి అడ్డుపడవచ్చు. రోటాక్స్ 912 తరహా ఇంజన్లకు రబ్బరు గొట్టాలను 5 ఏళ్లకోసారి మార్చాలని తయారీదారే చెబుతున్నాడు. ఎన్ని గంటలు ఎగిరామన్నదానితో దీనికి సంబంధం లేదు.

ఇంధన మార్గంలో ఏ మార్పు చేసినా ప్రవాహ పరీక్ష చేయాలి. ముక్కును గరిష్ఠ ఆరోహణ కోణానికి లేపి, కార్బురేటర్ దగ్గర గొట్టం విప్పి, నిమిషానికి ఎంత వస్తోందో కొలవండి. పంపు ఉన్న వ్యవస్థలో టేకాఫ్‌కు కావలసిన దానికి 125 శాతం, పంపు లేకుండా ఇంధనం తన బరువుతోనే దిగే వ్యవస్థలో 150 శాతం రావాలి. అదే సమయంలో ట్యాంకు గాలి రంధ్రం తెరుచుకుని ఉందో లేదో కూడా చూడండి. నిలిచి ఉన్న విమానంలో ఆ రంధ్రమన్నా, గాలి వేగం కొలిచే పిటాట్ గొట్టమన్నా కందిరీగలకు మహా ఇష్టం, చిటికెడు మట్టితో మూసేస్తాయి.

ఏ ట్యాంకు నుంచి ఇంధనం రావాలో ఎంచే సెలెక్టర్ కవాటం విషయంలో 1997 అక్టోబర్ 12న మాంటెరీ బేలో గాయకుడు జాన్ డెన్వర్ మరణించిన ప్రమాదాన్ని ప్రతి యజమానీ తెలుసుకోవాలి. బర్ట్ రూటాన్ రూపకల్పన చేసిన ఆ లాంగ్-ఈజీ విమానాన్ని కట్టింది డెన్వర్ కాదు, ఆయన కొనుక్కున్నాడు. నమూనా ప్రకారం పైలట్ ముందు ఉండవలసిన సెలెక్టర్‌ను కట్టిన వ్యక్తి పైలట్ ఎడమ భుజం వెనుకకు మార్చాడు, దాని మీద గుర్తులు కూడా లేవు. దాన్ని తిప్పబోతూ అనుకోకుండా కుడి రడ్డర్ నొక్కడం వల్ల విమానం అదుపు తప్పిందని అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి తేల్చింది. కాబట్టి సీటు బెల్టు పూర్తిగా బిగించుకుని కూర్చుని, కళ్లు మూసుకుని, మీ సెలెక్టర్‌ను అన్ని స్థానాలకూ తిప్పి చూడండి. నడుము తిప్పవలసి వచ్చిందంటే అది ఉండవలసిన చోట లేదు.

నిలిచిన ఇంజన్‌ను వారానికోసారి పది నిమిషాలు నేల మీద నడిపితే చాలనుకోవడం పొరపాటు. నూనె తగినంత వేడెక్కదు, దహనంలో పుట్టిన తేమ బయటకు పోదు, తుప్పు ఇంకా పెరుగుతుంది. ఎగరనైనా ఎగరాలి, లేదా తయారీదారు చెప్పిన పద్ధతిలో భద్రపరచాలి. ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పేటప్పుడు మాత్రం స్విచ్ ఆపి ఉన్నా సరే, అది ఏ క్షణమైనా అంటుకుంటుందన్నట్టే నిలబడండి. ఇంజన్‌కు నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోను స్విచ్ ద్వారా ఎర్త్ చేసే ఒక్క తీగ తెగితే స్విచ్ స్థానానికి అర్థం లేదు.

రెక్కలు విప్పి బిగించినవారు ఐలెరాన్లు (విమానాన్ని పక్కకు వంచే రెక్కల చివరి పలకలు) తలకిందులుగా కలిపిన సందర్భాలు ఉన్నాయి. స్టిక్‌ను పట్టుకుని బొటనవేలు పైకి నిలిపి పక్కకు వంచండి: వేలు ఎటు చూపుతుందో అటువైపు ఐలెరాన్ పైకి లేవాలి. రంగు వేసినా, రేడియో మార్చినా, బ్యాటరీ జరిపినా మూడు చక్రాల కింద మూడు త్రాసులు పెట్టి తిరిగి తూచాలి. గురుత్వ కేంద్రం హద్దు దాటి వెనక్కి జరిగిన విమానం స్టాల్ (వేగం చాలక రెక్కలు విమానాన్ని మోయలేకపోవడం) నుంచి తేరుకోకపోవచ్చు.

చివరగా దిగడం. పుస్తకంలో ఉన్న స్టాల్ వేగం నమూనా విమానానిది, మీది కాదు. మీ పిటాట్ ఎక్కడ అమర్చారు, మీ ఖాళీ బరువు ఎంత అన్నదాన్ని బట్టి మీటరు చూపే అంకె మారుతుంది. కనుక మొదట తగినంత ఎత్తులో, ఫ్లాప్‌లను (రెక్కల వెనుక అంచున కిందికి దించే పలకలు) దిగేటప్పటి స్థితిలో ఉంచి స్టాల్ చేసి చూసి, మీ మీటరు మీద వచ్చిన అంకెను రాసుకోండి. దానికి 1.3 రెట్లు మీ అప్రోచ్ వేగం, అంటే రన్‌వే వైపు దిగుతూ వచ్చే వేగం. స్టాల్ 40 నాట్లయితే అప్రోచ్ 52. ఈ 12 నాట్ల తేడా చాలా ఉందనిపిస్తుంది గానీ, రన్‌వే గీతను దాటిపోయామని చివరి మలుపును బిగించినప్పుడు అది ఎలా కరిగిపోతుందో చూడండి: ఎత్తు నిలుపుతూ 45 డిగ్రీలు వంచితే స్టాల్ వేగం దాదాపు 48కి, 60 డిగ్రీలు వంచితే 57కి చేరుతుంది. మలుపు తప్పితే సరిదిద్దడానికి పాకులాడకండి, థ్రాటిల్ తెరిచి పైకి లేచి, మళ్లీ దిగడానికి చుట్టి రండి.

పెద్ద విమానాల మీద నేర్చుకున్నవారికి ఈ చిన్న విమానం చేసే మోసం వేరు. బరువు తక్కువ, గాలి ఒరిపిడి ఎక్కువ కాబట్టి థ్రాటిల్ మూయగానే వేగం హఠాత్తుగా పడిపోతుంది. ముక్కు లేపి తేలుతూ వెళదామనుకునే లోపే విమానం నేలకు చతికిలబడుతుంది. మొదటి కొన్ని ల్యాండింగుల్లో చక్రాలు తాకే దాకా కొద్దిగా పవర్ ఉంచడం మంచిది. కార్బురేటర్ ఇంజన్లో పవర్ తగ్గించే ముందే కార్బ్ హీట్ (కార్బురేటర్‌లోకి వేడి గాలి పంపే మీట) లాగాలి. తేమ గాలిలో, వెచ్చని రోజున కూడా కార్బురేటర్ లోపల మంచు పేరుకుంటుంది.

విమానం తాకి ఎగిరిపడితే చేయి సహజంగానే స్టిక్‌ను ముందుకు తోస్తుంది. అలా తోస్తే ముక్కు చక్రం ముందు తగులుతుంది, రెండో ఎగురు మొదటిదానికన్నా పెద్దదవుతుంది, మూడోసారికి ముక్కు కాలు విరుగుతుంది. చిన్న ఎగురైతే ముక్కు స్థితిని కదలకుండా ఉంచి కొంచెం పవర్ ఇచ్చి దింపండి. పెద్దదైతే పూర్తి పవర్ ఇచ్చి చుట్టి రండి. తోక చక్రం విమానాల్లో గురుత్వ కేంద్రం ప్రధాన చక్రాల వెనుక ఉంటుంది కాబట్టి తోక పక్కకు జరిగితే ఆగకుండా చుట్టూ తిరిగిపోవాలని చూస్తుంది. హ్యాంగర్ ముందు పూర్తిగా ఆగే దాకా కాళ్లు రడ్డర్ మీదనే ఉండాలి. అడ్డగాలి 30 డిగ్రీల నుంచి వీస్తే దాని వేగంలో సగం, 45 డిగ్రీల నుంచి వీస్తే 70 శాతం పక్క నుంచి తోస్తుంది. సీజన్‌లో మొదటి రోజు ఆ లెక్క మీకు అలవాటైన అడ్డగాలిలో సగం దాటితే విమానాన్ని లోపలే ఉంచండి.

మొదటిసారి దిగాక ఇంజన్ మూత తీయండి. నూనె చెమ్మ, పొగ గొట్టం చుట్టూ బూడిద రంగు మసి, రాసుకున్న తీగలు, విరిగిన రంగు గీతలు వెతకండి. కొయ్య ప్రొపెల్లర్ అయితే దాని బోల్టుల బిగువును మరోసారి కొలవండి. గాలిలో తేమ తగ్గితే కొయ్య కుంచించుకుని అవి వదులవుతాయి.