పోలీసు పరిశోధనలు చదవడం నేర్చుకుందాం – నాలుగో పాఠం: చీటీలో ఉన్నదొకటి, జరిగింది ఇంకొకటి

ముందు పోయిన పాఠం హోంవర్కు సంగతి చూద్దాం. అమెరికాలోని కాన్సాస్ సిటీలో 1972 అక్టోబరు నుంచి ఏడాదిపాటు గస్తీ మీద ప్రయోగం చేశారు. 15 బీట్లను (పోలీసు కార్లు గస్తీ తిరిగే ప్రాంతాలు) ఐదేసి చొప్పున విడగొట్టి, ఒక ఐదింటిలో మామూలు గస్తీ ఉంచారు, ఇంకో ఐదింటిలో రెండు మూడు రెట్లు పెంచారు, మిగతా ఐదింటిలో తీసేశారు. నేరాల్లో గానీ జనం భయంలో గానీ చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. అంటే గస్తీ దండగేనా అని అడిగాను.

అలా అనలేం. గస్తీ తీసేసిన బీట్లలోకి కూడా ఎవరైనా ఫోన్ చేస్తే పోలీసు కారు వెళ్లింది. వీధిలో నిలబడ్డ మనిషికి ఆ కారు గస్తీ కోసం వచ్చిందో, ఫోన్ వస్తే వచ్చిందో ఎలా తెలుస్తుంది? పైగా ఒక్కో గుంపులో ఉన్నవి ఐదే బీట్లు. అంత తక్కువ సంఖ్యలో చిన్న తేడా ఉన్నా లెక్కకు అందదు. తేడా దొరకలేదు అనడం వేరు, తేడా లేదు అనడం వేరు. ఈ రెండో ముక్క పట్టుకున్నవాళ్లకి పూర్తి మార్కులు.

ఇవాళ్టి పని ఇంకాస్త లోతైనది. ప్రయోగంలో ఎవరికి ఏం చేయాలనుకున్నారు, తీరా ఎవరికి ఏం చేశారు అన్నవి విడివిడిగా చదవడం. పరిశోధన పేపర్ సారాంశంలో ఇది కనపడదు. పద్ధతి గురించి రాసిన భాగంలో, చాలామంది పేజీ తిప్పేసే ఒక పట్టికలో ఉంటుంది. నేనూ తిప్పేసినవాణ్నే. ఒకసారి నలుగురి ముందు ‘అరెస్టు చేస్తే గృహహింస సగానికి తగ్గుతుందని నిరూపించారు’ అని గట్టిగా చెప్పాను. ‘ఆ పట్టిక చూశారా?’ అని ఒకావిడ నెమ్మదిగా అడిగింది. చూడలేదు. ఆ పట్టికే ఇవాళ్టి పాఠం.

లారెన్స్ షెర్మన్, రిచర్డ్ బెర్క్ అనే పరిశోధకులు 1981-82లో అమెరికాలోని మినియాపొలిస్ నగరంలో చేసిన ప్రయోగమిది. భార్యాభర్తల మధ్యో, కలిసి ఉంటున్నవాళ్ల మధ్యో కొట్లాట జరిగి పోలీసులు వెళ్లినప్పుడు మూడు దారులున్నాయి: కొట్టినవాణ్ని అరెస్టు చేయడం, కొన్ని గంటలపాటు ఇంట్లోంచి పంపేయడం, లేదా ఇద్దరికీ సర్దిచెప్పి రావడం. వీటిలో ఏది చేస్తే మళ్లీ చేయి చేసుకోవడం తగ్గుతుంది? పెద్ద గాయాలైన కేసుల్ని పక్కనపెట్టి, మిగతావాటిలో ఏ దారి పట్టాలన్నది లాటరీకి వదిలేశారు. ఒక్కో పోలీసుకీ రిపోర్టు ఫారాల కట్ట ఇచ్చారు. ఒక్కో చర్యకీ ఒక్కో రంగు. రంగులు ఏ వరసా లేకుండా కలిపేశారు. కేసు తగిలితే పైనున్న ఫారం రంగు ఏది చెబితే అది చేయాలి. లాటరీలో పడ్డ ఆ రంగునే ఇక చీటీ అందాం.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, మీరే ఆ పోలీసు అనుకోండి. అర్ధరాత్రి, తలుపు తీసినవాడు ఒళ్లు తెలియనంత తాగి ఉన్నాడు. కట్ట మీద పైనున్న రంగు ‘సర్దిచెప్పి రా’ అంటోంది. మీకేమో వీణ్ని వదిలి వెళ్లబుద్ధి కావడం లేదు. పై రంగు ముందే తెలుసు కాబట్టి, ఈ కేసు ప్రయోగంలోకి రాదులే అనుకుని ఫారమే తీయకపోవచ్చు. లేదా ఫారం తీసి కూడా అరెస్టు చేసేయొచ్చు. మొదటిది ఎన్నిసార్లు జరిగిందో మనం తేల్చలేం. రెండోది మాత్రం లెక్కలోకి వచ్చింది.

పట్టిక ఇదీ. మొత్తం 314 కేసులు. అరెస్టు చీటీ పడినవి 92, వాటిలో 91 అరెస్టులయ్యాయి. సర్దిచెప్పమన్నవి 108. వాటిలో 84 చోట్ల సర్దిచెప్పారు, 19 చోట్ల అరెస్టు చేశారు, 5 చోట్ల మనిషిని బయటికి పంపారు. బయటికి పంపమన్నవి 114. వాటిలో 83 చోట్ల పంపారు, 26 చోట్ల అరెస్టు చేశారు, 5 చోట్ల సర్దిచెప్పి వచ్చారు.

కాగితం తీసుకుని రెండు లెక్కలు చేయండి. మొదటిది: చీటీ ప్రకారం అరెస్టు కావలసినవి 92, నిజంగా అయినవి ఎన్ని? 91, 19, 26 కలిపితే 136. రెండోది: ఏ చీటీ ఎంత శాతం అమలైంది? అరెస్టు 99, సర్దిచెప్పడం 78, పంపడం 73. అంటే జారుడంతా దాదాపు ఒకవైపుకే. మెత్తని చీటీ పడ్డ చోట అరెస్టు జరిగింది గానీ, అరెస్టు చీటీ పడ్డ చోట మెత్తబడింది ఒక్కసారే.

అలా జారిన ఆ 45 మంది ఎలాంటివాళ్లు? పోలీసుల మీద తిరగబడ్డవాళ్లు, ఇల్లు వదిలి వెళ్లనన్నవాళ్లు, బాధితురాలు పట్టుబట్టి అరెస్టు చేయించినవాళ్లు. మొత్తమ్మీద మొండి ఘటాలు. ఇప్పుడు నిజంగా జరిగినదాన్నిబట్టి గుంపులు కడితే ఈ మొండి ఘటాలన్నీ అరెస్టు గుంపులోకి వచ్చిపడతాయి. అరెస్టు ఉన్నదానికంటే పనికిరానిదిగా కనిపిస్తుంది. అందుకే ముందు చీటీ ప్రకారమే గుంపులు కట్టి లెక్క చూడాలి. చీటీకి మనిషి మొహం తెలియదు, దాని బలం అదే. పేపర్ చదివేటప్పుడు మీరు వెతకాల్సింది ఇదే: ఫలితాల శాతాలు చీటీవా, జరిగినవా? రచయితలు ఆ సంగతి సూటిగా చెప్పకపోతే పెన్సిల్‌తో పక్కన ప్రశ్నార్థకం పెట్టండి.

ఇక ఫలితాలు. పోలీస్ ఫౌండేషన్ అనే పరిశోధన సంస్థ నివేదికలో ఇచ్చిన లెక్క ప్రకారం, ఆరు నెలల్లో మళ్లీ పోలీసు రికార్డుకెక్కినవాళ్లు అరెస్టయినవారిలో 10 శాతం, సర్దిచెప్పినవారిలో 19, పంపేసినవారిలో 24. బాధితుల్ని అడిగితే వరసగా 19, 37, 33. రికార్డుకీ బాధితుల మాటకీ ఉన్న దూరం చూశారా? పోలీసు రికార్డు హింసను లెక్కపెట్టదు, పోలీసుల దాకా వచ్చిన హింసనే లెక్కపెడుతుంది. అలాగని ఇంటర్వ్యూలనూ గుడ్డిగా నమ్మలేం. బాధితుల్లో మొదటి ఇంటర్వ్యూకి దొరికింది సుమారు 62 శాతమే, ఆ తర్వాత చేయాల్సిన పన్నెండు ఇంటర్వ్యూలూ పూర్తిచేసినవాళ్లు సగం కూడా లేరు. ఇంకో సంగతి: ముగ్గురు పోలీసులే దాదాపు 28 శాతం కేసులు తెచ్చారు. ఆ ముగ్గురి పనితీరు నగరంలో అందరిదీ అనుకోగలమా?

ఇన్ని బొక్కలున్నా ఈ ఒక్క ప్రయోగం తర్వాత అమెరికాలో చాలా నగరాలు అరెస్టు వైపు మొగ్గాయి. తర్వాత ఒమాహా, షార్లట్, మిల్వాకీ, కొలరాడో స్ప్రింగ్స్, మయామీ ప్రాంతాల్లో మళ్లీ చేసి చూశారు. ఫలితాలు ఒకేలా రాలేదు. మిల్వాకీలో ఉద్యోగం ఉన్నవాళ్లు అరెస్టు తర్వాత తగ్గారు, లేనివాళ్లు రెచ్చిపోయారు. ఇరవై ఏళ్లు దాటాక అదే మిల్వాకీ ప్రయోగంలోని 1,125 మంది బాధితుల్ని వెతికి చూస్తే, భాగస్వామి అరెస్టయినవాళ్లలో మరణాలు, అన్ని కారణాలూ కలిపి, హెచ్చరికతో వదిలేసిన గుంపు కంటే 64 శాతం ఎక్కువ. ఆరు నెలల లెక్క దగ్గరే ఆగిపోయి ఉంటే ఇది ఎవరికీ తెలిసేది కాదు.

నైతికత సంగతి మీకు ఇప్పటికే తట్టి ఉంటుంది. దెబ్బలు తిన్నావిడకి ఏ సాయం అందాలన్నది ఒక రంగు కాగితం నిర్ణయించింది. ఆవిణ్ని అడగలేదు. ‘ఏది మంచిదో ఎవరికీ తెలియనప్పుడు లాటరీ అన్యాయం కాదు’ అన్నది ప్రయోగాలు చేసేవాళ్ల వాదన. నాకు అది సగమే ఒప్పుకోబుద్ధవుతుంది. ఆ ఇంట్లో ఏది మంచిదో ఆవిడకి తెలిసి ఉండొచ్చు కదా. ఈ గొడవ పెద్దది, వచ్చే పాఠం మొత్తం దానికే.

అప్పటిదాకా హోంవర్కు. ఒక ఊహా ప్రయోగంలో 200 మంది కుర్రాళ్లలో 100 మందికి కేసు, 100 మందికి హెచ్చరిక అని చీటీలు పడ్డాయి. హెచ్చరిక చీటీ పడినవాళ్లలో 30 మంది మీద పోలీసులు ఎలాగూ కేసు పెట్టేశారు. కేసు చీటీలు మాత్రం తు.చ. తప్పకుండా అమలయ్యాయి. ఏడాది తర్వాత ఆ 30 మందిలో 15 మంది, నిజంగా హెచ్చరికతో వదిలేసిన 70 మందిలో 14 మంది, కేసు చీటీ పడిన 100 మందిలో 29 మంది మళ్లీ దొరికారు. రెండు రకాలుగా లెక్క కట్టండి. ఏ లెక్కలో హెచ్చరిక గొప్పగా కనిపిస్తోందో, ఎందుకు కనిపిస్తోందో రెండు వాక్యాల్లో రాయండి.